పోరా, ఓర్పా: డెండ్రైటిక్ కణం తేల్చే సంగతి

వైరస్‌ను రాసుకుంటూ వెళ్లినా, రోగనిరోధక వ్యవస్థకు చెందిన తెల్లకణమైన టి కణం దాన్ని గుర్తుపట్టలేదు. ఆ వైరస్‌ను వేరొక కణం లోపలికి తీసుకుని, దాని ప్రొటీన్లను ఎనిమిది నుంచి ఇరవై దాకా అమైనో ఆమ్లాలుండే చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను ఎంహెచ్‌సి అనే అణువు గాడిలో ఇమిడ్చి, తన పొర మీదికి తెచ్చి చూపినప్పుడే టి కణం మీదున్న గ్రాహకానికి అది తగులుతుంది. టి కణం వైరస్‌ను విడిగా గుర్తించదనీ, సొంత శరీరపు ఎంహెచ్‌సితో జోడించి చూపితేనే గుర్తిస్తుందనీ ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ 1974లో నిరూపించారు; 1996లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. రోగనిరోధక స్పందనకు గురి కాగల పదార్థాన్ని ప్రతిజనకం అంటారు, దాని ముక్కను ఎంహెచ్‌సి మీద ఉంచి టి కణానికి చూపే పనిని ప్రతిజనక సమర్పణ అంటారు.

ఇతరులు చూపితే తప్ప చూడలేకపోవడం టి కణానికి ఉన్న మొదటి లోపమైతే, చూసినదాని మంచిచెడ్డలు తెలియకపోవడం రెండోది, మరింత పెద్దది. టి కణాల గ్రాహకాలు లోకంలో ఏ సూక్ష్మజీవులున్నాయో తెలుసుకుని తయారయ్యేవి కావు. జన్యువుల ముక్కలు యాదృచ్ఛికంగా కలిసి, ఒక్కో కణానికి ఒక్కో ఆకారపు గ్రాహకాన్ని ఇస్తాయి. ఈ తయారీలో ఒక గ్రాహకం ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ముక్కకు సరిపోతే, మరొకటి కందిపప్పులోని ప్రొటీన్ ముక్కకు, ఇంకొకటి ఆ మనిషి సొంత క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్ ముక్కకు సరిపోవచ్చు. ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో టి కణాలు పెరిగే దశలోనే గట్టి వడపోత జరుగుతుంది. అక్కడ పుట్టిన కణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా బయటికి రాకుండానే చనిపోతాయి. అయినా సొంత కణజాలానికి సరిపోయే గ్రాహకాలు కొన్ని తప్పించుకుని రక్తంలోకి వస్తూనే ఉంటాయి. పైగా తిండిలోని ప్రొటీన్లు, పుప్పొడి, పేగులో కాపురముండే బ్యాక్టీరియా థైమస్‌కు పరాయివే కనుక వాటికి సరిపోయే టి కణాలను అక్కడ పూర్తిగా ఏరివేసే మార్గం లేదు. ఆరోగ్యవంతుడైన ప్రతి మనిషి రక్తంలోనూ అతని సొంత అవయవాలకు గురిపెట్టగల టి కణాలు, అతడు తిన్న అన్నం మీద తిరగబడగల టి కణాలు తిరుగుతున్నాయి. అవి తిరగబడకుండా ఉండటానికి కారణమేమిటన్నది ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రం ఎదుర్కొన్న కఠినమైన ప్రశ్నల్లో ఒకటి.

జవాబులో పెద్ద భాగం టి కణం బయటే ఉంది. ప్రతిజనకాన్ని చూపే కణమే దాన్ని ఏ పరిస్థితిలో ఎక్కడ సేకరించిందో కూడా టి కణానికి తెలియజేస్తుంది, ఆ సమాచారాన్ని బట్టే టి కణం విజృంభించడమో, అణగిపోవడమో, శాంతిని కాపాడే కణంగా మారడమో జరుగుతుంది. ఈ పనిలో అందరికన్నా ముందుండే కణాన్ని, చెట్టు కొమ్మల్లా చాచుకునే దాని చేతులను బట్టి డెండ్రైటిక్ కణం అంటారు.

గాజు మీద కదిలిన కొమ్మలు

ఈ జాతి కణాలను మొదట చూసినవాడు బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్. ఇరవయ్యేళ్లు దాటీ దాటని ఆ విద్యార్థి 1868లో మనిషి చర్మపు పైపొరకు గోల్డ్ క్లోరైడు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూస్తే, కొమ్మలు చాచిన నల్లని కణాలు కనిపించాయి. నాడుల కోసం వాడే రంగుకు లొంగాయి కనుక అవి నాడీకణాలేనని అతడు అనుకున్నాడు, ఆ అభిప్రాయం చాలా కాలం నిలిచింది. మరుసటి ఏడాది అతడే క్లోమంలో ప్రత్యేక కణాల దీవులను గుర్తించాడు. ఇన్సులిన్ పుట్టేది ఆ దీవుల్లోనే. చర్మంలోని కణాలకూ క్లోమంలోని దీవులకూ అతని పేరే స్థిరపడింది గాని, టైప్ 1 మధుమేహంలో ఆ దీవులను ధ్వంసం చేసే టి కణాలకూ, కొమ్మలు చాచే ఆ కణజాతికీ ఉన్న సంబంధం నూరేళ్లు గడిచాక గాని బయటపడలేదు.

ఆ సంబంధానికి దారి వేసినవాడు కెనడాలో పుట్టి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన రాల్ఫ్ స్టైన్‌మన్. అతడు 1970లో జాన్విల్ కోన్ ప్రయోగశాలలో చేరే నాటికి ఒక చిక్కు తేలకుండా ఉంది: ఎలుక ప్లీహం నుంచి తీసిన తెల్లకణాలను గాజు పాత్రలో పెంచి ప్రతిజనకం కలిపితే అవి స్పందిస్తాయి, కాని గాజుకు అంటుకునే కొన్ని కణాలను తీసేస్తే ఆ స్పందన ఆగిపోతుంది. ఆ అంటుకునే కణాలు మాక్రోఫేజులు, అంటే సూక్ష్మజీవులను మింగి అరిగించే పెద్ద భక్షక కణాలేనని అప్పటి పండితుల నమ్మకం. స్టైన్‌మన్ నమ్మకాన్ని పక్కనపెట్టి, అంటుకున్న కణాలను బతికి ఉండగానే సూక్ష్మదర్శినితో చూస్తూ కూర్చున్నాడు. మాక్రోఫేజుల నడుమ అరుదుగా, ప్లీహంలోని కణాల్లో నూటికి ఒకటి రెండుకు మించకుండా, మరో రకం కణం కనిపించింది. అది పొడవాటి చేతులను చాచుతూ, ముడుచుకుంటూ, మళ్లీ కొత్త దిక్కుకు చాచుతూ ఎడతెగకుండా కదులుతోంది. మాక్రోఫేజులా దొరికినదల్లా మింగి అరిగించే స్వభావం దానిలో కనిపించలేదు. 1973లో స్టైన్‌మన్, కోన్ దాన్ని కొత్త కణంగా ప్రకటించారు.

ప్రకటించడం ఒక ఎత్తు, నమ్మించడం ఒక ఎత్తు అయింది. ఇంత అరుదైన కణానికి అంత ముఖ్యమైన పని ఉంటుందని ఎక్కువ మంది ఒప్పుకోలేదు. మాక్రోఫేజే కాస్త రూపం మార్చుకుందని కొందరు, ప్రయోగశాలలో ఏర్పడిన వికారమని మరికొందరు కొట్టిపారేశారు. ఆ సందేహాలకు తగిన సమాధానం కణాన్ని శుద్ధంగా వేరుచేసి చూపడమే. డెండ్రైటిక్ కణాలు గాజుకు మొదటి గంటా రెండు గంటల్లో అంటుకుని, రాత్రి గడిచేసరికి వాటంతట అవే ఊడి తేలతాయి, మాక్రోఫేజులు మాత్రం అంటుకునే ఉంటాయి. ఈ చిన్న తేడాను ఆధారం చేసుకుని స్టైన్‌మన్ బృందం ఏళ్ల తరబడి ఓపికగా ఆ కణాలను కూడబెట్టింది. సంబంధం లేని రెండు జంతువుల తెల్లకణాలను కలిపితే ఒకదాని టి కణాలు రెండోదాని కణాలను పరాయివిగా గుర్తించి విభజన చెందుతాయి; ఈ పరీక్షలో డెండ్రైటిక్ కణాలు మిగతా ప్లీహ కణాల కన్నా కనీసం నూరు రెట్లు బలంగా టి కణాలను కదిలిస్తాయని 1978లో తేలింది. ఎముక మజ్జ నుంచి వీటిని పుష్కలంగా పెంచే పద్ధతి 1992లో, మనిషి రక్తంలోని మోనోసైట్ల నుంచి తయారుచేసే పద్ధతి 1994లో చేతికి వచ్చాక గాని ప్రపంచంలోని ఇతర ప్రయోగశాలలు ఈ రంగంలోకి పెద్దఎత్తున దిగలేదు. కొత్త కణం నిలదొక్కుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టడంలో అప్పటి శాస్త్రవేత్తల మొండితనం కొంత ఉన్నా, చేతికి చిక్కనంత అరుదుగా ఉండే కణంతో పనిచేయడంలోని కష్టమే అసలు కారణం.

చర్మం నుంచి గ్రంథి దాకా

డెండ్రైటిక్ కణాలు ఎముక మజ్జలో పుట్టి, బయటి లోకం శరీరాన్ని తాకే ప్రతి హద్దులోనూ, అంటే చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగు గోడలో కాపు కాస్తాయి. చర్మపు పైపొరలో ఉండే లాంగర్‌హాన్స్ కణాలు అక్కడి కణాల్లో నూటికి రెండు నుంచి నాలుగే అయినా, చాచిన చేతులు ఒకదానికొకటి చేరువై ఖాళీ లేని వలలా పరుచుకుంటాయి. ఈ దశలో కణాన్ని అపరిపక్వ డెండ్రైటిక్ కణం అంటారు: చుట్టూ ఉన్న ద్రవాన్ని గుటకలు వేస్తూ, చనిపోయిన కణాల శకలాలను ఏరుకుంటూ, ఎదురైన ప్రతి ప్రొటీన్ నమూనానూ లోపల దాచుకోవడమే దాని పని. మాక్రోఫేజు మింగినదాన్ని నామరూపాలు లేకుండా అరిగిస్తే, డెండ్రైటిక్ కణం అరుగుదలను కావాలనే మందగింపజేసి, చూపడానికి పనికొచ్చే ముక్కలను నిలుపుకుంటుంది. సాధారణ కణాలు తమలో తయారైన ప్రొటీన్లను మాత్రమే మొదటి తరగతి ఎంహెచ్‌సి మీద, అంటే హంతక టి కణాలు చూసే ఎంహెచ్‌సి మీద, ప్రదర్శించగలవు. డెండ్రైటిక్ కణాల్లో ఒక తెగకు మాత్రం బయటి నుంచి మింగిన ప్రొటీన్‌ను కూడా ఆ మార్గంలోకి మళ్లించే అసాధారణ నేర్పు ఉంది. వైరస్ డెండ్రైటిక్ కణంలోకి చొరబడకపోయినా, చొరబడిన మరో కణం శవాన్ని మింగి హంతక టి కణాలను లేపగలగడం ఈ నేర్పు వల్లే సాధ్యమవుతోంది. బ్యాట్ఫ్3 అనే జన్యువు లేని ఎలుకల్లో ఈ తెగ పుట్టదనీ, ఆ ఎలుకలు సాధారణ ఎలుకలు తేలికగా వదిలించుకునే కణుతులను కూడా వదిలించుకోలేవనీ 2008లో వెల్లడైంది.

గాయమో, సూక్ష్మజీవో తగిలినప్పుడు ఈ కణం స్వభావం గంటల వ్యవధిలో మారిపోతుంది. నమూనాలు సేకరించే పని తగ్గిపోతుంది, ఎంహెచ్‌సి అణువులు ముక్కలతో సహా పొర మీదికి చేరతాయి, సీసీఆర్7 అనే గ్రాహకం మొలుస్తుంది. లింఫు గ్రంథులు వెదజల్లే రసాయనాల జాడను ఆ గ్రాహకంతో పసిగడుతూ, కణం తన చోటు వదిలి లింఫు నాళాల్లోకి దూరి దగ్గరి గ్రంథికి ప్రయాణమవుతుంది. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టిందని పెద్దలు అనే ఆ బిళ్ల ఈ గ్రంథే. అక్కడికి చేరిన డెండ్రైటిక్ కణాల మూలంగా టి కణాలు వచ్చి చేరడం పెరిగి, బయటికి వెళ్లడం కొంతసేపు ఆగి, ముక్కకు సరిపోయిన కణాలు విభజన చెందడం వల్లే అది ఉబ్బి నొప్పి పెడుతుంది.

గ్రంథిలో జరిగే కలయికను అంకెల్లో చూస్తే గాని దాని కష్టం అర్థం కాదు. ఒక నిర్దిష్ట ప్రతిజనక ముక్కకు సరిపోయే సహాయక టి కణాలు ఎలుక మొత్తం శరీరంలో సుమారు 20 నుంచి 200 మాత్రమే ఉంటాయని 2007లో లెక్కతేలింది; కోట్ల కొద్దీ ఇతర టి కణాల మధ్య అవి చెదిరి ఉంటాయి. తప్పిపోయిన మనిషిని జాతరలో ముఖం ముఖం చూస్తూ వెతికినట్టు ప్రతి టి కణం గ్రంథి నుంచి గ్రంథికి తిరుగుతూ, ఒక్కో గ్రంథిలో ఇంచుమించు అర రోజు నుంచి ఒక రోజు గడిపి, ఎదురైన డెండ్రైటిక్ కణాలన్నిటినీ తడిమి చూస్తుంది. బతికున్న గ్రంథి లోపలికి లేజర్ కాంతి పంపి చూసే సూక్ష్మదర్శినులు వచ్చాక, ఒక్కో డెండ్రైటిక్ కణాన్ని గంటకు 500 దాకా టి కణాలు పలకరించి పోతాయని గమనించారు. సరిపోయే కణం దొరికినప్పుడు కూడా వ్యవహారం వెంటనే తెమలదు. ఉల్‌రిష్ ఫాన్ ఆన్‌డ్రియాన్ బృందం 2004లో ప్రకటించిన పరిశీలన ప్రకారం మొదటి ఎనిమిది గంటల దాకా టి కణం ఆగుతూ, వదులుతూ క్షణికమైన స్పర్శలతోనే సరిపెడుతుంది. తరువాతి పన్నెండు గంటలు ఒకే డెండ్రైటిక్ కణాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. రెండో రోజున విడివడి, వేగంగా కదులుతూ విభజన మొదలుపెడుతుంది. ఈ దీర్ఘ సంభాషణలో డెండ్రైటిక్ కణం ఏం చెబుతుందన్నదే ఈ అధ్యాయానికి కీలకం.

మూడు సంకేతాలు

శుద్ధి చేసిన ప్రొటీన్‌ను ఎలుకకు సూదితో ఎక్కిస్తే చెప్పుకోదగ్గ స్పందన రాదు, చంపిన బ్యాక్టీరియా పొడినో, పటికకు చెందిన అల్యూమినియం లవణాన్నో కలిపితే వస్తుంది; ఈ సంగతి టీకాలు తయారుచేసేవారికి దశాబ్దాలుగా తెలిసినా ఎందుకన్నది ఎవరూ పట్టించుకోలేదు. ఇలా కలిపే పదార్థాన్ని సహాయకారి అంటారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఛార్లెస్ జేన్‌వే 1989లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో ఈ నిర్లక్ష్యాన్ని సూటిగా ఎత్తిచూపి, సూక్ష్మజీవులకే ప్రత్యేకమైన అణువులను పసిగట్టే పురాతన గ్రాహకాలు ప్రతిజనకాన్ని చూపే కణాల మీద ఉండి తీరాలనీ, అవి మేల్కొన్నప్పుడే టి కణానికి పోరాట అనుమతి దొరుకుతుందనీ ప్రతిపాదించాడు. ఆ గ్రాహకాలు తరువాతి పదేళ్లలోనే దొరికాయి. ఈగల్లో శిలీంధ్రాల నుంచి కాపాడే టోల్ అనే జన్యువు పాత్రను 1996లో జూల్ హాఫ్‌మన్ బృందం, మనిషిలో దాని బంధువును 1997లో రుస్లాన్ మెడ్జితోవ్, జేన్‌వే, బ్యాక్టీరియా పొరలోని విషాన్ని గుర్తించేది టోల్ జాతి గ్రాహకమేనని 1998లో బ్రూస్ బాయ్ట్‌లర్ బృందం చూపించారు. జేన్‌వే 2003లో మరణించడం వల్ల ఈ ఆవిష్కరణలకు 2011లో దక్కిన నోబెల్ బహుమతిలో అతని పేరు లేకపోయింది గాని, ఈ రంగంలోని ఆలోచనకు పునాది అతనిదే.

టి కణానికి అందే మొదటి సంకేతం ఎంహెచ్‌సి మీదున్న ముక్క. అది ఏమిటో చెబుతుందే గాని ఏం చేయాలో చెప్పదు. టోల్ గ్రాహకాలు మేల్కొన్న డెండ్రైటిక్ కణం తన పొర మీద బి7 అనే అణువులను గుబురుగా మొలిపిస్తుంది, అవి టి కణం మీదున్న సీడీ28ని తాకుతాయి. ఇది రెండో సంకేతం, పోరుకు అనుమతి. మూడోది డెండ్రైటిక్ కణం స్రవించే సైటోకైన్లు, అంటే కణాల మధ్య సందేశాలు మోసే చిన్న ప్రొటీన్లు: ఇంటర్‌ల్యూకిన్ 12 అందితే టి కణం కణాల లోపల దాక్కునే క్షయ వంటి సూక్ష్మజీవులను ఎదుర్కొనే రకంగా, ఇంటర్‌ల్యూకిన్ 6 వంటివి అందితే శిలీంధ్రాలపై తెల్లకణాలను పిలిచే రకంగా మారుతుంది. చూసిన ప్రతిజనకం ఒకటే అయినా తయారయ్యే సైన్యం వేరు కావడానికి ఈ మూడో సంకేతమే కారణం.

రెండో సంకేతం లేకుండా మొదటిది మాత్రమే అందితే? మార్క్ జెంకిన్స్, రొనాల్డ్ ష్వార్ట్జ్ 1987లో ప్రతిజనకాన్ని చూపే కణాలను రసాయనంతో బిగదీసి, ఎంహెచ్‌సి చెక్కుచెదరకుండా ఉంచి, కొత్త సంకేతమేదీ పంపలేని స్థితికి తెచ్చారు. అలాంటి కణాలను కలిసిన టి కణాలు స్పందించకపోవడమే కాక, ఆ తరువాత ఆరోగ్యంగా ఉన్న కణాలు అదే ప్రతిజనకాన్ని చూపినా కదలలేదు. అనుమతి లేని పరిచయం టి కణాన్ని మొద్దుబార్చింది. ఓర్పు అనేది స్పందన లేకపోవడం వల్ల ఏర్పడే ఖాళీ కాదనీ, ఒక ప్రత్యేక సంఘటన ద్వారా టి కణంలో నాటుకునే మార్పనీ తేల్చిన ప్రయోగాల్లో ఇది మొదటి వరుసలోది.

ఊరుకోవడం నేర్పే పని

గాజు పాత్రలో తేలిన ఈ సంగతి బతికున్న జంతువులో నిజమా అన్న ప్రశ్నకు రాక్‌ఫెల్లర్‌లోనే, మిషెల్ నుసెన్‌జ్‌వైగ్ ప్రయోగశాలలో, స్టైన్‌మన్ సహకారంతో 2001లో సమాధానం దొరికింది. దాని నిర్మాణంలోని చక్కదనం వల్ల ఆ ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడటం అవసరం. డెండ్రైటిక్ కణాల పొర మీద డీఈసీ-205 అనే గ్రాహకం ఉంటుంది. దానికి అంటుకునే యాంటీబాడీని తయారుచేసి, దాని తోకకు కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ ప్రొటీన్ ముక్కను జన్యుపరంగా అతికించారు. దీన్ని ఎలుకకు ఎక్కిస్తే గుడ్డు ప్రొటీన్ ముక్క నేరుగా డెండ్రైటిక్ కణాల్లోకి చేరుతుంది, కాని అక్కడ గాయం గాని, సూక్ష్మజీవి గాని, సహాయకారి గాని లేవు కనుక ఆ కణాలు ప్రశాంత స్థితిలోనే ఉండి దాన్ని చూపుతాయి. ఆ ముక్కను గుర్తుపట్టే టి కణాలను ముందే ఆ ఎలుకల్లోకి పంపి ఉంచారు. మొదటి మూడు రోజుల్లో టి కణాలు అందరూ ఊహించినదానికి భిన్నంగా చురుగ్గా విభజన చెందాయి. చూసేవారికి అది పోరు మొదలైనట్టే కనిపించింది. వారం తిరిగేసరికి మాత్రం వాటిలో అత్యధిక భాగం మాయమయ్యాయి, తరువాత అదే గుడ్డు ప్రొటీన్‌ను బలమైన సహాయకారితో కలిపి ఎక్కించినా ఎలుకలు పలకలేదు. అదే యాంటీబాడీతో పాటు డెండ్రైటిక్ కణాలను మేల్కొలిపే మరో యాంటీబాడీని, అంటే వాటి పొర మీది సీడీ40 అణువును తట్టే దాన్ని, కలిపి ఇచ్చినప్పుడు టి కణాలు నిలిచాయి, రక్షణ ఏర్పడింది. ప్రతిజనకం, టి కణం, చూపిన కణం మూడూ ఒకటే. మారినది డెండ్రైటిక్ కణం ఉన్న స్థితి ఒక్కటే.

శరీరం సహజంగా ఉండే స్థితి శాంతే కనుక, డెండ్రైటిక్ కణం రోజూ చేసే పనిలో అధిక భాగం ఈ ఓర్పును నేర్పడమే. ఏ వ్యాధీ లేని రోజున కూడా చర్మం నుంచి, పేగు నుంచి కొద్దికొద్దిగా డెండ్రైటిక్ కణాలు చనిపోయిన సొంత కణాల శకలాలను మోసుకుంటూ లింఫు గ్రంథులకు చేరుతూనే ఉంటాయి. థైమస్ వడపోతను తప్పించుకుని వచ్చిన టి కణాలకు సొంత శరీరపు ప్రొటీన్లు ఇలా ప్రశాంతమైన కణం మీద మొదటిసారి ఎదురుపడి, వాటిలో కొన్ని నశిస్తాయి, కొన్ని మొద్దుబారతాయి, మరికొన్ని నియంత్రక టి కణాలుగా మారతాయి. నియంత్రక కణాలంటే ఇతర టి కణాలను అదుపులో ఉంచేవి. జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించగా, వీటి ఉనికికి ఆధారమైన ఫాక్స్‌పీ3 జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వెల్లడించారు, ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ లభించింది. డెండ్రైటిక్ కణానికీ వీటికీ మధ్య సంబంధం రెండు వైపులా నడుస్తుంది. ప్రశాంత డెండ్రైటిక్ కణం నియంత్రక కణాలను పుట్టిస్తే, నియంత్రక కణం తన మీదున్న సీటీఎల్ఏ-4 అణువుతో డెండ్రైటిక్ కణం మీది బి7 అణువులను పట్టి లాగి మింగేసి, దాన్ని ప్రశాంతంగా ఉంచుతుంది.

ఓర్పు నేర్పే పని అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే చోటు పేగు. పేగు గోడలోని ఒక తెగ డెండ్రైటిక్ కణాలు, సీడీ103 అనే గుర్తు ఉన్నవి, తిండిలోని ప్రొటీన్లను తీసుకుని పేగును పట్టి ఉంచే పొరలోని లింఫు గ్రంథులకు వెళ్తాయి. ఈ కణాల్లో విటమిన్ ఎను రెటినోయిక్ ఆమ్లంగా మార్చే ఎంజైము ఉంది. రెటినోయిక్ ఆమ్లం, టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ కలిసి అందుకున్న టి కణం నియంత్రక కణంగా మారుతుందని 2007లో ఒకటికి మించిన ప్రయోగశాలలు ప్రకటించాయి; అదే ఆమ్లం ఆ కణానికి తిరిగి పేగుకే చేరుకునే దారి గుర్తును కూడా ముద్రిస్తుంది. మునగాకులో, క్యారెట్‌లో, గుడ్డు పచ్చసొనలో దొరికే విటమిన్ ఎ గాని, దాని మూలపదార్థాలు గాని కంటిచూపుకు మాత్రమే కావలసినవన్న అభిప్రాయం ఈ ఫలితాలతో చాలదని తేలిపోయింది. తిన్న అన్నం మీద శరీరం తిరగబడకపోవడం వెనుక తినే తిండిలోని ఒక విటమినే ఉండటం ఈ శాస్త్రంలోని సుందరమైన సత్యాల్లో ఒకటి.

వైద్యం చేతికి చిక్కిన కణం

ఈ కణం శక్తి ఎంతటిదో అవయవ మార్పిడి వైద్యులకు ముందే తగిలింది. 1982లో లండన్‌లో రాబర్ట్ లెక్లర్, రిచర్డ్ బ్యాచిలర్ ఒక ఎలుక మూత్రపిండాన్ని మధ్యవర్తి ఎలుకలో కొంతకాలం ఉంచి, దానితో వచ్చిన దాత తెల్లకణాలన్నీ వెళ్లిపోయాక అసలు గ్రహీతకు అమర్చారు. అది పరాయి అవయవమే అయినా గ్రహీత శరీరం దాన్ని సహించింది. దాత జాతికి చెందిన డెండ్రైటిక్ కణాలను కొద్ది సంఖ్యలో గ్రహీతకు ఎక్కించగానే తిరస్కరణ మొదలైంది.

క్యాన్సర్‌లో సమస్య ఇందుకు తలకిందులుగా ఉంటుంది. కణుతి సొంత శరీరంలో పుట్టినది, సూక్ష్మజీవి సంకేతాలు లేనిది. దాని శకలాలను మోసుకెళ్లే డెండ్రైటిక్ కణాలు ఎక్కువసార్లు ప్రశాంత స్థితిలోనే ఉండిపోయి, కణుతిని గుర్తుపట్టగల టి కణాలకు పోరుకు బదులు ఓర్పునే నేర్పుతాయి. రోగి రక్తంలోని కణాలను బయటికి తీసి, కణుతి ప్రొటీన్‌నూ, మేల్కొలిపే సంకేతాన్నీ ప్రయోగశాలలో అందించి తిరిగి ఎక్కిస్తే ఈ పొరపాటును సరిదిద్దవచ్చన్న ఆలోచనతో తయారైన సిపుల్యూసెల్-టి చికిత్సను ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో అనుమతించింది. 512 మందితో జరిగిన పరీక్షలో అది సగటు ఆయుష్షును సుమారు నాలుగు నెలలు పెంచింది. ఇది పెద్ద విజయమని చెప్పడం అతిశయోక్తి. దారి తప్పు కాదని రుజువైందని చెప్పడం న్యాయం. స్టైన్‌మన్‌కు 2007లో క్లోమ క్యాన్సర్ బయటపడినప్పుడు ఆయన తన సొంత కణుతి నుంచి తయారుచేసిన డెండ్రైటిక్ కణాల టీకాలతో సహా పలు ప్రయోగాత్మక చికిత్సలు తీసుకుంటూ నాలుగున్నరేళ్లు పనిచేస్తూనే బతికారు. ఆయన 2011 సెప్టెంబర్ 30న మరణించారు. మూడు రోజుల తరువాత, అక్టోబర్ 3న, ఆ మరణం తెలియని నోబెల్ కమిటీ ఆయనకు బహుమతి ప్రకటించింది. మరణించినవారికి బహుమతి ఇవ్వరాదన్న నియమం ఉన్నా, తెలిసి చేసిన నిర్ణయం కాదు కనుక దాన్ని మార్చలేదు. ఆ చికిత్సల్లో ఏది ఎంత పనిచేసిందో ఒక్క రోగిని బట్టి నిర్ణయించడం సాధ్యం కాదు.

టీకాల్లో మాత్రం ఈ జ్ఞానం నేరుగా ఫలించింది. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 1990ల చివర మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను డెండ్రైటిక్ కణాలకు అందించినప్పుడు అవి తీవ్రంగా రెచ్చిపోయి వాపు రసాయనాలను విడుదల చేశాయి, ఎందుకంటే వాటి టోల్ గ్రాహకాలు ఆ ఆర్‌ఎన్‌ఏను వైరస్‌దిగా భావించాయి. ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్‌ను స్వల్పంగా మార్చితే కణం శాంతిస్తుందని 2005లో వారు కనిపెట్టారు, ఆర్‌ఎన్‌ఏ రకం కోవిడ్ టీకాలకు దానితో పునాది పడింది. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ సమస్య వేరు: చంపిన వైరస్‌కు పటిక జాతి సహాయకారి ఒక్కటే కలిపితే టి కణాలు యాంటీబాడీలకు తోడ్పడే రకం వైపు మొగ్గుతాయి గాని, వైరస్ సోకిన కణాలను ఎదుర్కొనే రకం వైపు మొగ్గవు. అందుకే అల్యూమినియం లవణం మీద టోల్ 7, టోల్ 8 గ్రాహకాలను తట్టే ఒక చిన్న అణువును కూడా అంటించారు. ఒకచోట గ్రాహకాన్ని జోకొట్టవలసి వచ్చింది, మరోచోట తట్టి లేపవలసి వచ్చింది; రెండుచోట్లా గురిపెట్టినది ఒకే గ్రాహక కుటుంబం.

క్షయ బ్యాక్టీరియా ఈ వ్యవస్థకు ఇంకా లొంగని శత్రువు. ఎలుక ఊపిరితిత్తుల్లో అది చేరిన తరువాత డెండ్రైటిక్ కణాలు దాన్ని లింఫు గ్రంథికి తీసుకువెళ్లడానికి ఎనిమిది తొమ్మిది రోజులు పడుతుంది, ఇన్‌ఫ్లుయెంజా విషయంలో ఇదే పని మూడు నాలుగు రోజుల్లోపే జరుగుతుంది. టి కణాలు రంగంలోకి దిగేసరికి బ్యాక్టీరియా స్థిరపడిపోతుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించగలిగే టీకా, ఇప్పుడున్న క్షయ టీకా బీసీజీ కన్నా మెరుగ్గా పనిచేయవచ్చని భావించడానికి గట్టి ఆధారమే ఉంది.

ఇక ఓర్పును మందుగా వాడే ప్రయత్నం ఇటీవలిది, నెమ్మదిగా సాగుతున్నది. టైప్ 1 మధుమేహంలో, కీళ్లవాతంలో సొంత కణజాలం మీద తిరగబడిన టి కణాలను అణచడానికి ఇప్పుడు వాడే మందులు మొత్తం రోగనిరోధక శక్తినే తగ్గిస్తాయి. రోగి మోనోసైట్ల నుంచి పెంచిన డెండ్రైటిక్ కణాలను డెక్సామెథసోన్, విటమిన్ డి వంటివాటితో గాని, మరో పద్ధతిలో గాని ప్రశాంత స్థితిలో బిగించి తిరిగి ఎక్కిస్తే, ఆ ఒక్క ప్రతిజనకం విషయంలోనే ఓర్పు నేర్పవచ్చని ఆశ. పిట్స్‌బర్గ్‌లో మధుమేహ రోగులపై 2011లో, న్యూకాసిల్‌లో కీళ్లవాత రోగుల మోకాలి కీలులోకి నేరుగా ఎక్కించి 2017లో ప్రకటించిన తొలిదశ పరీక్షల్లో ఈ కణాలు హాని చేయలేదు. వీటిని తయారుచేసేవారిని వెన్నాడే భయం ఒకటుంది: రోగి ఒంట్లోకి వెళ్లిన కణానికి అక్కడ ఏదో సూక్ష్మజీవి ఎదురైతే అది ప్రశాంతత విడిచి, ఏ ప్రతిజనకం మీద ఓర్పు నేర్పడానికి వెళ్లిందో దాని మీదే పోరు నేర్పవచ్చు. అందుకే ఎక్కించే ముందు ప్రతి రోగి కణాలకూ ప్రయోగశాలలో బ్యాక్టీరియా పదార్థాన్ని తగిలించి, బి7 అణువులు మొలుస్తున్నాయా, ఇంటర్‌ల్యూకిన్ 12 వెలువడుతోందా అని పరీక్షిస్తారు. కదలని కణాలే సూదిలోకి వెళ్తాయి.